మాయకు లెక్క ముందే చెప్పండి: ఫాంటసీ సినిమాలు తీసేవారికి సరిహద్దు ప్రేక్షకుల బహిరంగ లేఖ

ఫాంటసీ, జానపద, సోషియో ఫాంటసీ సినిమాలు తీస్తున్న తెలుగు దర్శకులకు, నిర్మాతలకు, రచయితలకు, ఎడిటర్లకు నమస్కారం.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్ళలో తెలుగు సినిమా చూసేవాళ్ళం మేము. పెద్ద ఫాంటసీ సినిమా ఒకటి పోయిందంటే ఇక్కడ టీ బడ్డీల దగ్గర జనం మూడు ముక్కలవుతారు. హీరో చచ్చిపోయాడని ఒకరు, వేరే లోకానికి వెళ్ళాడని ఒకరు, చివర్లో కనబడింది హీరో కాదు వాడి పూర్వజన్మ అని ఇంకొకరు. కాసేపటికి మాట నటుల మీదికి మళ్ళుతుంది. ఆ వేషానికి ఈయన వయసేంటి, విలన్‌కి ఆ గొంతేంటి, ఆఖర్న వచ్చిన ఆ పెద్ద హీరో అసలెవరు? మరుసటి వారానికి సినిమా ఎత్తేస్తారు. వాదన మాత్రం నెల్లాళ్ళు నడుస్తుంది.

ఈ రెండు వాదనలకూ మూలం ఒక్కటేనని మా నమ్మకం. ఆఖరి ఇరవై నిమిషాల్లో తెర మీద ఉన్నది ఎవరో, ఏ నియమం ప్రకారం గెలుస్తున్నారో చూసేవాడి కంటికి తెలియడం లేదు. ఆ తప్పు క్లైమాక్స్‌లో జరగదు, మొదటి గంటలో జరుగుతుంది. ఆడని సినిమా వెనక కూడా వందలమంది కష్టం ఉంటుంది కాబట్టి ఆడనివాటి పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎక్కడ ఏం తేడా వస్తోందో మాత్రం విడమర్చి చెబుతున్నాం.

చిలక సంగతితో మొదలుపెడతాం. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, పంజరంలో చిలక. మాంత్రికుడి ప్రాణం అందులో. ఈ ముక్క ముందు చెప్పేశాక ఐదేళ్ళ పిల్లకైనా కథ చివర్న సందేహం రాదు. చిలక రెక్క విరిస్తే వాడి చెయ్యి పడిపోతుంది, కాలు విరిస్తే కాలు పడిపోతుంది, మెడ నులిమితే ప్రాణం పోతుంది. నియమం ముందు చెప్పి, ఫలితం మెట్టుమెట్టుగా చూపించడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్య. ఇప్పటి సినిమాల్లో చిలక మెడ నులిమేశాక, అందులో ప్రాణం ఉండేదని వాయిస్ ఓవర్‌లో చెబుతున్నారు.

మా గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం రాత్రంతా ఆడతారు. జలంతర సంస్థానాధిపతి రామకృష్ణ ఛోటరాయ్ కొలువులో 19వ శతాబ్దంలో పుట్టిన నాటకం అది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పైన సింహాసనం, కింద పాట అందుకుని కథ నడిపే గాహకుడు. హిరణ్యకశిపుడి వరం అందరికీ కంఠతా వచ్చు: పగలు చావకూడదు, రాత్రి చావకూడదు, ఇంట్లో కాదు, బయట కాదు, నేల మీద కాదు, నింగిలో కాదు, మనిషి చేత కాదు, మృగం చేత కాదు, ఆయుధంతో కాదు. తెల్లవారుజామున నరసింహుడి ముఖం తొడుక్కున్న నటుడు పూనకంతో ఊగిపోతుంటే నలుగురు పట్టుకోవాల్సి వస్తుంది. అంత ఊపులో కూడా ఒక్క నియమం తప్పదు. సంధ్యవేళ, గడప మీద, తొడ మీద, గోళ్ళతో. ఇన్ని షరతులు పెట్టి, అన్నిటినీ ఒకే క్షణంలో తీర్చిన ముగింపు అది. మీ ఫాంటసీ ముగింపును కొలుచుకోవడానికి మాకు ఇంతకంటే మంచి కొలబద్ద కనబడలేదు.

సినిమాల్లోనూ ఈ పద్ధతి ఉంది. 1951 మార్చి 15న విడుదలైన పాతాళ భైరవిలో కోరింది ఇచ్చే ప్రతిమ ఏం చేస్తుందో, దాన్ని సాధించడానికి ఏం బలివ్వాలో మాంత్రికుడి నోటే ముందు వింటాం. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది పైచేయి. హీరో తోటరాముడి చేతికొచ్చింది, మాంత్రికుడు కాజేశాడు, మళ్ళీ రాముడు సంపాదించాడు. సినిమా మొత్తంలో ఏ నిమిషాన ఆపి అడిగినా ప్రతిమ ఎవరి దగ్గరుందో చెప్పగలం. మాంత్రికుడు గడ్డం తీయించుకుంటే శక్తి పోతుందన్నదీ అలాగే కళ్ళ ముందు జరుగుతుంది. 2009లో వచ్చిన అరుంధతిలో జేజమ్మ ఎముకలతో చేసిన ఆయుధం సంగతి క్లైమాక్స్‌కి చాలా ముందే తెలుసు, అది పనిచేయడానికి కావలసింది ఏమిటన్నదే ఆఖరి ఉత్కంఠ. రెండూ మాయలే. రెండింటికీ లెక్క ఉంది.

అందుచేత స్క్రిప్టు పూర్తికాక ముందే ఒక కాగితం రాయమని కోరుతున్నాం. అందులో మీ లోకపు నియమాలు మూడుకు మించకుండా ఉండాలి. నాలుగోది రాయాలనిపిస్తే మొదటి మూడింట్లో ఒకటి కొట్టెయ్యండి. ప్రతి నియమం ఇంటర్వెల్ లోపల రెండుసార్లు రావాలి: ఒకసారి మాటగా, ఒకసారి కళ్ళకు కట్టేలా. రెండోసారి వచ్చినప్పుడు దానివల్ల ఎవరో ఒకరు నష్టపోవాలి, ఒక వేలో, ఒక మనిషో, ఒక ఊరో. నష్టం లేకుండా చెప్పిన నియమం ప్రేక్షకుడి బుర్రలో నిలవదు. గురువుగారు గుహలో కూర్చుని మూడు నిమిషాలు చెప్పిన శాపం సెకండాఫ్ నాటికి ఎవరికీ గుర్తుండదు.

రెండో కాగితం వస్తువుల లెక్క. కత్తో, మణో, తాళపత్రమో, అది ఏ సీన్‌లో ఎవరి చేతిలో ఉంది, కుడి చెయ్యా ఎడమ చెయ్యా, వెలుగుతోందా ఆరిపోయిందా, విరిగిందా అతికిందా అన్నది సీన్ నంబర్ల వారీగా రాసి ఉంచాలి. కంటిన్యుటీ రాసే అసిస్టెంట్ దగ్గర దుస్తుల లెక్క ఉంటుంది గాని ఈ లెక్క సరిగా ఉండదు. ఎందుకంటే క్లైమాక్స్‌ను చాలాసార్లు ముందే షూట్ చేసేస్తారు. సెట్టు అద్దె పెరుగుతుంది, పెద్ద నటుల కాంబినేషన్ డేట్లు మళ్ళీ దొరకవు. ఆ తర్వాత ఫస్టాఫ్ కథ మారుతుంది. మణి కాస్తా కత్తి అవుతుంది. ముందే షూట్ చేసిన క్లైమాక్స్‌లో మాత్రం హీరో మెడలో మణి అలాగే వేలాడుతూ ఉంటుంది.

అతుకు ఎక్కడ పడిందో మాకు తెలిసిపోతుంది. పాత్ర వీపు చూపిస్తూనో, దూరపు షాట్‌లోనో, గుర్రం మీద వెళ్తుండగానో ఒక పెద్ద వివరణ వినబడుతుంది. నోరు కనబడదు, మాట మాత్రం స్పష్టంగా ఉంటుంది. గొంతులో స్టూడియో గది వాసన ఉంటుంది, గాలి ఉండదు. డబ్బింగ్ థియేటర్లో చివరి వారం పుట్టిన డైలాగు అది. అలాంటివి రెండు వరకు పర్వాలేదు, ఐదు దాటితే ఆ సినిమా ముగింపు మీద గొడవ తప్పదు. ఆ ఐదు డైలాగులు రాసే బదులు ఒక్కరోజు ప్యాచ్ షూట్ (మిగిలిపోయిన ముక్కలు తీసే షూటింగ్) పెట్టుకుని, ఆ వస్తువు చెయ్యి మారడాన్ని ఒక్క క్లోజప్‌లో తియ్యండి. చెయ్యి, వస్తువు, ఇంకో చెయ్యి. దీనికి స్టార్ డేట్లు కూడా అక్కర్లేదు.

నిడివి సంగతి ఒక్కమాటలో. శుక్రవారం టాక్ తేడాగా ఉందని శనివారం పదో పదిహేనో నిమిషాలు కత్తిరిస్తారు. కత్తెర ఫైటు మీదా పాట మీదా పడదు, ఫ్లాష్‌బ్యాక్ మీద పడుతుంది. నియమం ఉన్నది అందులోనే. దాంతో సోమవారం చూసినవాడికి శుక్రవారం చూసినవాడి కంటే తక్కువ అర్థమవుతుంది, ఇద్దరూ వాదించుకునేది రెండు వేర్వేరు సినిమాల గురించి. కత్తిరించక తప్పదంటే ముందు ఆ నియమాల కాగితం బయటికి తీసి, దాని మీద ఉన్న సీన్ల జోలికి పోకండి.

హాలు విషయానికి వద్దాం. ఇది మాలాంటి ఊళ్ళకు బాగా తగిలే దెబ్బ. గ్రాఫిక్స్ షాట్లలో ఆఖర్న చేతికొచ్చేవి క్లైమాక్స్‌వే. పని పూర్తికానివి దాచడానికి రాత్రి, వాన, పొగ, బూడిద వాడతారు, రంగులూ వెలుగూ సరిచేసే కలర్ గ్రేడింగ్‌లో ఇంకాస్త చీకటి చేస్తారు. 2డీ సినిమాకు తెర మీద ఉండాల్సిన వెలుగు ప్రమాణం 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు. మీరు గ్రేడింగ్ చేసుకునే గదిలో అది ఉంటుంది. చిన్న ఊళ్ళో, ప్రొజెక్టర్‌లోని జెనాన్ దీపానికి ఆయుష్షు గంటలు దాటిపోయినా మార్చని హాల్లో ఉండదు. త్రీడీ అయితే కళ్ళజోడులోంచి కంటికి చేరేది అందులో మూడో వంతు. మీకు ముదురు నీలంగా కనిపించింది మాకు నలుపు. ఆ నలుపులో ఇద్దరు గడ్డాలవాళ్ళు కొట్టుకుంటారు, ఒకడు పడిపోతాడు. ఎవడు పడ్డాడన్నదే మరి ఇక్కడి వాదన! క్లైమాక్స్‌ను వెలుగు సగానికి తగ్గించి ఒకసారి వేసుకుని చూడండి. పడినవాడెవడో తెలియకపోతే గ్రేడింగ్ మళ్ళీ చెయ్యాలి.

శబ్దమూ అంతే. హాల్లో శబ్దాన్ని నడిపే డాల్బీ ప్రాసెసర్ మీద 7 అనేది మిక్సింగ్‌లో మీరు పెట్టుకునే అంకె. హాల్లో చెవులు చిల్లులు పడుతున్నాయని జనం గోల పెడితే ఆపరేటర్ దాన్ని ఐదుకు దించుతాడు, అంటే ఆరేడు డెసిబెల్స్ పోయినట్టే. పేలుళ్ళు అప్పటికీ వినబడతాయి. పోయేది మధ్య స్పీకర్లోంచి రావలసిన ఒక్క మెల్లని మాట, చనిపోతున్న ముసలాయన చెప్పే రహస్యం. దాని వెనక డెబ్భై మంది కోరస్ సంస్కృతంలో పాడుతుంటారు. కీలకమైన మాటకు ముందు రెండు సెకన్లు సంగీతం ఆపండి. మిక్స్‌ను 5 మీద పెట్టి ఒకసారి వినండి.

ఇక చదువు సంగతి, మీకు బహుశా ఎవరూ చెప్పి ఉండరు. మా ఇళ్ళలో తెలుగు, బడిలో ఒడియా. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు బాగా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మీరు ముగింపు తాళంచెవిని నల్లతెర మీద నాలుగు వరుసల తెలుగు అక్షరాల్లో పెట్టి, ఐదు సెకన్లలో తీసేస్తే, హాల్లో సగం మందికి అది ముగ్గులా కనబడుతుంది. 'అప్పుడు ఏం రాశార్రా?' అని పక్కవాణ్ణి అడగాల్సి వస్తుంది. అక్షరాలు వెయ్యాల్సి వస్తే చదివి వినిపించండి. వినిపించేటప్పుడు వాడుక మాటల్లో వినిపించండి. గ్రాంథికం వద్దు, జనం మాట్లాడే తెలుగే రాయండి అని గిడుగు వేంకట రామమూర్తి గారు వాదించింది మా పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే. 'విధివిలసితమైన ఆ కాలచక్రభ్రమణంలో' అని మొదలయ్యే వాయిస్ ఓవర్‌తో కథ ముగింపు విప్పితే ఆయన ఊరివాళ్ళకే అర్థం కావడం లేదు.

ఇంకొకటి. మా ఊళ్ళలో ఒకే సినిమాకు తెలుగు వెర్షనూ హిందీ వెర్షనూ నడుస్తుంటాయి. తెలుగులో 'అంశ' అన్నదాన్ని హిందీలో 'శక్తి' అనీ, ఇంకోచోట 'మణి' అనీ మార్చేస్తే, చూసినవాళ్ళు కలిసి మాట్లాడుకున్నప్పుడు లోకంలో లేని మూడో వస్తువు ఒకటి పుడుతుంది. ప్రతి మాయవస్తువుకీ అన్ని భాషల్లోనూ ఒకటే పేరు పెట్టండి. చిన్న పేరు, రెండు మూడు అక్షరాలు చాలు.

టైటిల్స్ అయిపోయాక వచ్చే కొసరు సీన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాం. పేర్లు పడటం మొదలవగానే లైట్లు వేస్తారు, తలుపులు తీస్తారు, తర్వాతి ఆటకు హాలు ఊడ్చాలి. ముగింపుకు అవసరమైనది ఏదీ అక్కడ పెట్టొద్దు.

'సీక్వెల్ కోసం అలా వదిలేశాం' అన్న సమాధానం తరచుగా వింటున్నాం. ప్రశ్న మిగల్చడం వేరు, గందరగోళం మిగల్చడం వేరు. 2015 జూలై 10న బాహుబలి మొదటి భాగం వదిలినప్పుడు మా ఊళ్ళో వాదనలు లేవని కాదు, కాని అందరూ వాదించుకున్న ప్రశ్న ఒక్కటే. ఎవరు చంపారో తెలుసు, ఎవరు చచ్చారో తెలుసు, ఎందుకన్నది తెలియదు. 2017 ఏప్రిల్ 28 దాకా ఆ ప్రశ్న చెక్కుచెదరలేదు. మీ మొదటి భాగం చూసి బయటికొచ్చిన పదిమంది పది ప్రశ్నలు అడుగుతుంటే, రెండో భాగం దేనికి జవాబు చెబుతుంది?

నటుల ఎంపిక విషయంలో అభిమానుల గొడవ తరచు తప్పుదారి పడుతుంది. ఫలానా హీరో పనికిరాడు, ఫలానా హీరోయిన్ పరభాష అని తిట్టుకుంటారు. పరభాష అన్నది అసలు సమస్యే కాదు. అరుంధతిలో పశుపతి వేషం వేసిన సోనూ సూద్‌కు రవిశంకర్ గొంతు ఇస్తే ఆ ఇద్దరూ కలిసి ఒక్క మనిషయ్యారు. వయసూ అంతే. పాతాళ భైరవి విడుదలనాటికి మాంత్రికుడైన ఎస్వీ రంగారావుకు 32 ఏళ్ళు, తోటరాముడైన ఎన్టీ రామారావుకు 27. ఐదేళ్ళ తేడా ఉన్న ఇద్దరు, తరం తేడా ఉన్నవాళ్ళుగా నిలబడ్డారు. నడక, గొంతు, కూర్చునే తీరు వేరు కాబట్టి.

ఒక నటుడిలో ఇంకో పాత్ర దూరినట్టు చూపాలంటే మాయాబజార్ చూడండి. 1957 నాటి సినిమా, గ్రాఫిక్స్ లేవు. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు ఉన్నాడని తెలియడానికి సావిత్రి గారు భుజం తిప్పిన తీరు చాలు. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు ఆ కళ్ళలో ఉన్నది ఘటోత్కచుడి వేషం వేసిన రంగారావు గారి పొగరు. పాట మధ్యలో మగ గొంతు పలుకుతుంది. చూసేవాడు ఒక్క క్షణం కూడా తికమకపడడు. ఇప్పుడు అలాంటి సన్నివేశం వస్తే కళ్ళు నీలంగా వెలిగిస్తున్నారు, నటుడికి రెండో మనిషి నడక నేర్పడం లేదు.

జన్మల కథ అయితే మగధీర దారి ఉంది. 400 ఏళ్ళ కిందటి నలుగురినీ ఇప్పటి నలుగురినీ అదే నటులు వేశారు. ఎవరు ఎవరుగా పుట్టారో చెప్పాల్సిన పనే రాలేదు. ఆడని సినిమాల్లో హీరో ఒక్కడే రెండు జన్మల్లో ఉండి, మిగతావాళ్ళు మారిపోతారు. చివర్న పాత జన్మ తమ్ముడు ఎదురైతే ఎవరో తెలియక హాలంతా నిశ్శబ్దం.

మేము గమనించిన మిగతా తప్పులు ఇవి. ఒకటి, ముగ్గురు నాయకులకూ ఒకే పొడవాటి జుట్టు, ఒకే గడ్డం, ఒకే మట్టిరంగు తోలుబట్టలు. వేషాలు వేసి, వెనక లైటు పెట్టి, ముఖాలు నల్లబడేలా నిలబెట్టి ముప్పై అడుగుల దూరం నుంచి చూడండి. నీడను బట్టి గుర్తుపట్టలేకపోతే దుస్తులు మార్చాలి. తోలుబొమ్మలాట వాళ్ళు కిరీటం, ముక్కు, నడుము వంపుతోనే రావణుణ్ణీ రాముణ్ణీ వేరు చేస్తారు.

రెండు, గొంతులు. పేరున్న డబ్బింగ్ కళాకారులు కొద్దిమందే కాబట్టి విలన్‌కూ, కథ చెప్పే వాయిస్ ఓవర్‌కూ ఒకరినే పెట్టేస్తున్నారు. ఆఖర్న ఆకాశవాణి పలికితే విలన్ బతికే ఉన్నాడనుకుంటున్నారు. మా ఊళ్ళలో 'విలన్ చావలేదు' అనే వాదనలు కొన్ని పుట్టింది ఇలాగే.

మూడు, ఆఖరి ఐదు నిమిషాల్లో దిగే అతిథి నటుడు. పెద్ద ముఖం కనబడగానే ఆ పాత్ర పెద్దదని జనం అనుకుంటారు. పోస్టర్‌కు పనికొస్తాడని పెడతారు గాని, కథలో ఆ మనిషి పేరు అంతకుముందు ఒక్కసారి కూడా వినబడదు. కనీసం ఇంటర్వెల్ ముందు ఆయన పేరో, బొమ్మో, కత్తో చూపించి ఉంచండి.

నాలుగు, ముఖం వయసు తగ్గించే గ్రాఫిక్స్. చర్మం నునుపవుతుంది, కళ్ళ చుట్టూ కదలిక పోతుంది. భావం ఉండాల్సిన చోట మైనపుబొమ్మ కూర్చుంటుంది. అదే డబ్బులో నాలుగో వంతుతో కొత్త కుర్రాణ్ణి పెట్టుకుని, పెద్ద నటుడి చేష్ట ఒకటి, చెవి రుద్దుకోవడమో తల పక్కకు వంచడమో నేర్పితే జనం ఒప్పుకుంటారు.

ఐదోది మా మనసుకు గుచ్చుకునేది. మీ సినిమాల్లో క్షుద్రపూజలు చేసేవాడు తరచు 'ఒరిస్సా అడవుల' నుంచి వస్తాడు. గిరిజనులంటే ఒంటికి నల్లరంగు, ముఖానికి ఎముకలు, అర్థంలేని అరుపులు. ఆ అడవుల్లో ఉన్నది మా పక్క ఊరి సవరలు, కోదులు. సంతలో మాతో పాటు చింతపండు, పసుపు అమ్ముకునేవాళ్ళు, మా పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు, మీ సినిమాకు మాతో పాటు టికెట్టు కొనేవాళ్ళు. గిడుగు వారు సవర భాష నేర్చుకుని, వాళ్ళకు వాచకాలు రాసి, 1938 నాటికి సవర నిఘంటువు తెచ్చారు. ఈ కాలంలో ఆ మనుషులకు ఒక్క సరైన మాట ఇవ్వలేమా? ఆ పాత్రలకు ఆ జనంలోంచే నటుల్ని తీసుకోండి, వాళ్ళ భాషలో మాట్లాడించండి. భయపెట్టడానికి రంగు పూసిన గుంపు అక్కర్లేదు.

చివరిగా ఒక పని అడుగుతున్నాం. ఎడిటింగ్ లాక్ చెయ్యక ముందు, గ్రాఫిక్స్ సగం పూర్తయినా సరే, ఒక ట్రయల్ ఆట మాలాంటి ఊళ్ళో వెయ్యండి. ఫస్ట్ కాపీ వచ్చాక వేస్తే లాభం లేదు, అప్పటికి మార్చడానికి డబ్బూ ఉండదు, రోజులూ ఉండవు. నలభైమంది చాలు. అందులో పదిమంది తెలుగు చదవడం రానివాళ్ళు, పదిమంది ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ళు, పదిమంది యాభై దాటినవాళ్ళు ఉండాలి. అభిమాన సంఘాలవాళ్ళు వద్దు, వాళ్ళు మీ ముఖం చూసి బాగుందంటారు. ఫోన్లు బయటే తీసుకోండి. కథ ముందు చెప్పొద్దు. ఆట అయ్యాక అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడగొద్దు, గొంతున్నవాడి మాటే అందరి మాటవుతుంది. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఐదు ప్రశ్నలు అడగండి: ఎవరు చనిపోయారు? విలన్ దేనివల్ల ఓడాడు? ఆ వస్తువు ఇప్పుడు ఎక్కడుంది? ఆఖర్న కనబడింది ఎవరు? తర్వాతి భాగంలో ఏం తెలుసుకోవాలని ఉంది? మొదటి నాలుగింటికి ముప్పైమంది ఒకే జవాబు చెప్పాలి. ఐదోదానికి కూడా ముప్పైమంది ఒకే జవాబు చెబితే మీ రెండో భాగానికి డబ్బు పెట్టొచ్చు.

బరంపురంలో గాని, పర్లాకిమిడిలో గాని, రాయగడలో గాని, ఉదయం మొదటి ఆటకు ముందు హాలు ఖాళీగా ఉండే వేళ మాట్లాడి పెట్టడానికి, ఆ నలభైమందినీ పోగు చెయ్యడానికి మేమున్నాం. మీ కాగితాలు రెండూ వెంట తెచ్చుకోండి.

ఇట్లు,
బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం తెలుగు సినిమా ప్రేక్షకులు